ఒంటరి హైడ్రోజన్ ఆకలి



లాంతరు గ్లాసు తుడిచిన అనుభవం మీలో ఎంతమందికి ఉందో! మా చిన్నతనంలో పొద్దు వాలేసరికి ఆ పని పిల్లలదే. ముందురోజు రాత్రి పట్టిన మసి గ్లాసు లోపల పలచగా, నల్లగా అంటుకుని ఉండేది. పెద్దవాళ్ళ చెయ్యి అందులో దూరదు. అందుకని పిల్లల్ని పిలిచేవాళ్ళు. మెత్తటి పాతగుడ్డ, చిటికెడు బూడిద ఇచ్చేవాళ్ళు. గట్టిగా రుద్దితే గ్లాసు పగులుతుంది. మెల్లగా రుద్దితే మసి వదలదు.

ఆ మసి ఏమిటి? కార్బన్. పాఠాల్లో కర్బనం అని చదువుకున్నాం. గ్లాసుకి పట్టింది పలుచని కార్బన్ పొర. ఇవాళ నేను చెప్పబోయేది అలాంటి పొరల సంగతే. గుడ్డ పెట్టకుండా, చెయ్యి తగలకుండా, ఒక వాయువు వచ్చి ఆ పొరని కొద్దికొద్దిగా కొరుక్కుతింటుంది. ఆ వాయువు పేరు హైడ్రోజన్. మామూలు హైడ్రోజన్ ఆ పని చెయ్యదు. ఒంటరి హైడ్రోజన్ చేస్తుంది. ఈ ఒక్క తేడా మనసులో పెట్టుకోండి. మిగతా కథంతా సులువుగా అర్థమవుతుంది.

ఒంటరి హైడ్రోజన్ అంటే ఏమిటో చూద్దాం. బడిలో మాస్టారు చెప్పిన మాట ఒకటి గుర్తు చేసుకోండి. పరమాణువుకి చేతులుంటాయి అనుకోమనేవారు. కార్బన్‌కి నాలుగు చేతులు. హైడ్రోజన్‌కి ఒక్కటే చెయ్యి. ఆ ఒక్క చేత్తో అది ఎవరినో ఒకరిని పట్టుకోవాలి. సిలిండర్‌లో నింపిన హైడ్రోజన్‌లో రెండేసి పరమాణువులు ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని జంటగా ఉంటాయి. ఆ జంటనే అణువు అంటాం. ఆ పట్టు చాలా గట్టిది. వాటి చేతులు ఖాళీగా లేవు కాబట్టి పక్కన ఎవరున్నా పట్టించుకోవు. గది వేడిలో మీ పెన్సిల్ ములుకుని తీసుకెళ్ళి హైడ్రోజన్ వాయువులో పెట్టండి. ములుకులో ఉన్నది గ్రాఫైట్. అంటే కార్బనే. ఏమీ జరగదు. ములుకు ములుకులాగే ఉంటుంది.

ఇప్పుడు ఆ జంటని విడదీశాం అనుకోండి. ఒక్కో హైడ్రోజన్ పరమాణువు ఒక్కో ఖాళీ చెయ్యి చాపుకుని బయల్దేరుతుంది. ఎదురైన దాన్నల్లా పట్టుకోవాలని చూస్తుంది. కార్బన్ పొర ఎదురైతే కార్బన్‌ని పట్టుకుంటుంది. జంటగా ఉంటే నెమ్మది, ఒంటరిగా ఉంటే ఆకలి. ఈ మాట మళ్ళీ మళ్ళీ చెబుతాను. ఇవాళ్టి ప్రసంగానికి అదే మూలం.

జంటని విడదీయడం తేలిక కాదు. దానికి చాలా శక్తి కావాలి. బాగా కాగిన లోహపు తీగ కావాలి, లేదా విద్యుత్తుతో ప్లాస్మాగా వెలిగించిన వాయువు కావాలి. ఈ సంగతి మొదట పట్టుకున్న మనిషి బల్బుల మీద పనిచేసేవాడు. పేరు ఇర్వింగ్ లాంగ్మ్యూర్. అమెరికాలో షెనెక్టడీ అనే ఊళ్ళో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ ప్రయోగశాలలో ఉండేవాడు. టంగ్‌స్టన్ తీగని హైడ్రోజన్‌లో పెట్టి బాగా కాచి చూశాడు. వేడి పెరిగేకొద్దీ తీగ ఉండాల్సిన దానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ వేడిని పోగొట్టుకుంటోంది. ఆ వేడంతా ఎక్కడికి పోతోంది? హైడ్రోజన్ జంటల్ని విడదీయడానికి ఖర్చవుతోందని ఆయన తేల్చాడు. 1912లో ఆ విషయం ప్రచురించాడు. ఉపరితలాల రసాయనశాస్త్రంలో చేసిన కృషికి 1932లో ఆయనకి నోబెల్ బహుమతి వచ్చింది. ఆ కాగిన తీగని గుర్తుపెట్టుకోండి. ప్రసంగం చివర్లో అది మళ్ళీ వస్తుంది.

సరే, ఒంటరి హైడ్రోజన్ కార్బన్ పొర మీద వాలింది. ఆ తరవాత ఏం జరుగుతుంది?

పొరలో కార్బన్ పరమాణువులు ఒకదాన్నొకటి పట్టుకుని అల్లుకుని ఉంటాయి. కొన్ని చోట్ల రెండు కార్బన్లు రెండేసి చేతులతో పట్టుకుని ఉంటాయి. ఒంటరి హైడ్రోజన్ వచ్చి ఆ రెండో పట్టుని విడదీస్తుంది. ఒక కార్బన్‌కి తాను అంటుకుంటుంది. ఇంకో హైడ్రోజన్ వచ్చి రెండో కార్బన్‌కి అంటుకుంటుంది. ఇలా ఒకటి తరవాత ఒకటి చేరతాయి. చివరికి పొర అంచున ఉన్న ఒక కార్బన్‌కి మూడు చేతుల్లోనూ హైడ్రోజన్లే ఉంటాయి. మిగిలిన ఒక్క చేత్తోనే అది పొరని పట్టుకుని వేలాడుతుంది. మూడు హైడ్రోజన్లున్న ఈ కార్బన్ గుంపుని మిథైల్ అంటారు.

ఇంకా హైడ్రోజన్లు వస్తూనే ఉంటాయి. వచ్చినవన్నీ అంటుకోవు. కొన్ని, ముందే అంటుకున్న హైడ్రోజన్‌ని చెయ్యి పట్టుకుని లాక్కుపోతాయి. ఆ ఇద్దరూ జంటై వాయువులో కలిసిపోతారు. అప్పుడు పొరలో ఒక కార్బన్ చెయ్యి ఖాళీ అవుతుంది. ఆ ఖాళీ చేత్తో అది పక్క కార్బన్‌ని మళ్ళీ రెండు చేతులా గట్టిగా పట్టుకోవాలని చూస్తుంది. ఆ సర్దుబాటులో, ఒంటి చేత్తో వేలాడుతున్న మిథైల్ పట్టు తప్పి ఎగిరిపోతుంది. పొరలోంచి ఒక కార్బన్ పరమాణువు పోయింది. పొర ఒక పరమాణువంత తరిగింది. ఎగిరిపోయింది మీథేన్‌కి దగ్గర చుట్టం. మీథేన్ అంటే మన గోబర్ గ్యాసు పొయ్యిలో మండేదే. అంటే గట్టిగా ఉన్న నల్లటి కార్బన్, కంటికి కనిపించని వాయువైపోయింది.

జర్మనీలో యూర్గెన్ క్యూపర్స్, ఆయన సహచరులు 1990ల్లో ఈ వరుసని అడుగు అడుగుగా విడదీసి చూపించారు. అంటుకోవడం, లాక్కుపోవడం, ఎగిరిపోవడం. మళ్ళీ అంటుకోవడం. చక్రంలా తిరుగుతూనే ఉంటుంది. చెదపురుగు తలుపుని తిన్నట్టే. ఒక్క పురుగు తిన్నది కనిపించదు. నెల తరవాత తలుపు మీద వేలు పెడితే లోపలికి దిగుతుంది.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. ఈ కొరుకుడు ఎప్పుడూ ఒకే జోరుగా సాగుతుందా? సాగదు. వేడిని బట్టి మారుతుంది. దీన్ని అర్థం చేసుకోవడానికి మన వంటింట్లో దోసె పెనం దగ్గరికి వెళ్దాం.

పెనం సరిగా కాగలేదు. పిండి వేశారు. దోసె అంటుకుపోతుంది, లేవదు. పెనం తగినంత కాగింది. అప్పుడు పిండి పరుచుకుంటుంది, కాలుతుంది, అంచులు వాటంతట అవే లేస్తాయి. ఇంకోసారి పెనం మితిమీరి కాగింది. అప్పుడు పిండి పెనాన్ని పట్టదు. గరిటె తిప్పుతుంటే ఉండలు కట్టి గరిటెతోనే వచ్చేస్తుంది.

కార్బన్ పొర కూడా అంతే. పొర చల్లగా ఉంటే హైడ్రోజన్లు వచ్చి అంటుకుంటాయి, మిథైల్ గుంపులు తయారవుతాయి. కానీ లేచిపోవడానికి కావలసిన వేడి లేదు. అక్కడే ఉండిపోతాయి. పొరని వేడిచేస్తూ పోతే అవి లేవడం మొదలవుతుంది. సుమారు 300 డిగ్రీల సెల్సియస్ నుంచి 550 డిగ్రీల మధ్యలో, పొర రకాన్ని బట్టి, ఎక్కడో ఒకచోట కొరుకుడు గరిష్ఠానికి చేరుతుంది. ఆ తరవాత ఇంకా వేడి పెంచితే విచిత్రంగా తగ్గిపోతుంది. ఎందుకంటే అంత వేడిలో హైడ్రోజనే పొర మీద నిలవదు. మిథైల్ తయారయ్యేలోపే జంట కట్టి వెళ్ళిపోతుంది. చల్లగా ఉంటే లేవదు, మరీ వేడైతే పట్టదు. మధ్యలో ఉన్న వేడిలోనే పొరకి ప్రమాదం.

ఇంకో సంగతి కూడా ఉంది. ఒంటరి హైడ్రోజన్ ఒక్కటే వస్తే ఒక లెక్క. దానితో పాటు వేగంగా దూసుకొచ్చే అయాన్లు కూడా ఉంటే ఇంకో లెక్క. అయాన్ అంటే విద్యుదావేశం ఉన్న పరమాణువు. ప్లాస్మాలో రెండూ కలిసే ఉంటాయి.

గట్టి నేలలో గొయ్యి తవ్వే మనిషిని చూడండి. చేతిలో పలుగు ఉంది, పార లేదు. నేల పెళ్ళలుగా లేస్తుంది, కానీ మట్టి గోతిలోనే ఉంటుంది. పార ఉంది, పలుగు లేదు. పార గీసుకుంటుందే గాని మట్టి తెగదు. పలుగూ పారా రెండూ ఉంటే, పూటలో గొయ్యి తయారు. ఇక్కడ అయాన్ పలుగు. హైడ్రోజన్ పార. అయాన్ వచ్చి గుద్దితే కార్బన్ల పట్టు తెగుతుంది. వదిలేస్తే ఆ తెగిన చేతులు మళ్ళీ కలుసుకుంటాయి. కానీ పక్కనే ఒంటరి హైడ్రోజన్ కాచుకుని ఉంది. తెగిన చేతిని వెంటనే పట్టేసుకుంటుంది. ఇక ఆ గాయం మానదు. ముక్క విడివడి లేచిపోతుంది.

జర్మనీలో మ్యూనిక్ దగ్గర గార్చింగ్ అనే చోట ప్లాస్మా భౌతికశాస్త్రానికి మాక్స్ ప్లాంక్ సంస్థ ఉంది. అక్కడ శాస్త్రవేత్తలు దీన్ని కొలిచి చూశారు. ఆర్గాన్ అయాన్లని మెల్లగా, తక్కువ శక్తితో పొర మీదికి పంపారు. దాదాపు ఏమీ అరగలేదు. ఒంటరి హైడ్రోజన్‌ని ఒక్కదాన్నే పంపారు. కొద్దిగా అరిగింది. రెండిటినీ కలిపి పంపారు. రెండిటి మొత్తం కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ అరిగింది. 

ఇంతవరకూ చెప్పింది ఒకసారి మననం చేసుకుందాం. జంటగా ఉంటే నెమ్మది, ఒంటరిగా ఉంటే ఆకలి. ఆ ఆకలికి తగిన వేడి తోడైతే జోరు. అయాన్ల గుద్దు కూడా తోడైతే ఇంకా జోరు.

ఇదంతా ఎందుకు తెలుసుకోవాలి? ఈ కొరుకుడు వల్ల మనిషికి ఒక పెద్ద చిక్కు వచ్చింది. అదే కొరుకుడు వల్ల రెండు పెద్ద మేళ్ళూ జరిగాయి. ముందు చిక్కు చెప్తాను.

సూర్యుడిలో హైడ్రోజన్ కేంద్రకాలు కలిసిపోయి శక్తి పుడుతుంది. దీన్నే సంలీనం అంటారు. ఆ పనిని భూమి మీద చెయ్యాలని శాస్త్రవేత్తలు దశాబ్దాలుగా ప్రయత్నిస్తున్నారు. ఇంగ్లాండులో కల్హమ్ అనే చోట జెట్ అనే పెద్ద యంత్రం ఉండేది. 1983లో మొదలై 2023 దాకా పనిచేసింది. అందులో హైడ్రోజన్‌కి బరువైన తోబుట్టువులు రెండు వాడేవారు. ఒకటి డ్యుటీరియం. రెండోది ట్రిటియం. ట్రిటియం రేడియోధార్మికం. చాలా ఖరీదైనది. ప్రకృతిలో దాదాపుగా దొరకదు.

ఆ యంత్రం లోపలి గోడకి కార్బన్ పలకలు వేశారు. అప్పట్లో అది తెలివైన పనే. కార్బన్ కరగదు. చాలా వేడిని ఓర్చుకుంటుంది. కాస్త కార్బన్ ప్లాస్మాలో కలిసినా ప్లాస్మా మరీ చల్లారిపోదు. అంతా బాగానే ఉంది. కానీ ఆ గదిలో నిండి ఉన్నది ఏమిటి? హైడ్రోజన్ కుటుంబం. అది కూడా ఒంటరిగా, అయాన్లతో కలిసి. పలుగూ పారా రెండూ సిద్ధంగా ఉన్న చోట మనం కార్బన్ గోడ కట్టాం.

గోడ అరగడం ఒక్కటే అయితే సర్దుకోవచ్చు. పలక మార్చుకోవచ్చు. అసలు చిక్కు వేరే ఉంది. మీ వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాను రెక్కల మీద జిడ్డు చూశారా? నూనె ఉన్నది మూకుట్లో. జిడ్డు పట్టింది ఫ్యానుకి. నూనె ఆవిరై లేచి, చల్లటి చోటు చూసుకుని వాలింది. అక్కడా అదే జరిగింది. గోడ నుంచి ఎగిరిన కార్బన్ ముక్కలు హైడ్రోజన్‌ని పట్టుకునే ఎగిరాయి కదా. అవి యంత్రం అడుగున చల్లటి మూలల్లో వాలి, కొత్త పొరగా పేరుకున్నాయి. ఆ పొరలో ట్రిటియం చిక్కుకుపోయింది.

1997లో జెట్‌లో డ్యుటీరియం, ట్రిటియం కలిపి ప్రయోగాలు చేశారు. 16 మెగావాట్ల సంలీన శక్తి వచ్చింది. అప్పట్లో అది రికార్డు. ఆ ప్రయోగాల్లో సుమారు 35 గ్రాముల ట్రిటియం లోపలికి పంపారు. చివరికి చూస్తే దాదాపు మూడో వంతు బయటికి రాలేదు. లోపలే ఉండిపోయింది. శుభ్రం చేశాక కూడా కొన్ని గ్రాములు మిగిలిపోయాయి. నీటితో చల్లబరిచే మూలల్లో ఆ పొరలు పెచ్చులుగా ఊడి కనిపించాయి. బండిలో పోసిన పెట్రోలులో మూడో వంతు ట్యాంకు గోడలకి అంటుకుపోతే ఆ బండి ఎలా నడుపుతాం? పైగా ఇది రేడియోధార్మిక ఇంధనం.

ఇది చూశాక గోడ మార్చక తప్పలేదు. 2011లో జెట్ లోపల కార్బన్ తీసేసి బెరీలియం, టంగ్‌స్టన్ లోహాలు పెట్టారు. గోడలో చిక్కుకునే ఇంధనం పది రెట్లకు పైగా తగ్గింది. ఆ లోహపు గోడల మధ్యే 2023లో 69 మెగాజౌళ్ళ సంలీన శక్తి సాధించి జెట్ కొత్త రికార్డు పెట్టింది. ఫ్రాన్స్‌లో కదరాష్ దగ్గర ఈటెర్ అనే ఇంకా పెద్ద యంత్రం కడుతున్నారు. మన దేశం కూడా అందులో భాగస్వామి. అక్కడ ఎక్కువ వేడి పడే అడుగు భాగంలో మొదట కొంత కార్బన్ వాడాలనుకున్నారు. 2013లో ఆ ఆలోచన వదిలేసి, మొదటి నుంచీ టంగ్‌స్టనే వాడాలని నిర్ణయించారు. కంటికి కనిపించని ఒక్క పరమాణువు ఆకలి, ప్రపంచంలోనే అతి పెద్ద శాస్త్ర నిర్మాణాల్లో ఒకదాని నక్షా మార్చింది. దాన్ని తక్కువగా చూడకూడదని అందుకే అంటున్నాను.

ఇప్పుడు మేళ్ళు. మొదటిది మళ్ళీ లాంతరు గ్లాసు దగ్గరికే తీసుకెళ్తుంది.

మీ చేతిలో ఉన్న కొత్త ఫోన్ తీసుకోండి. దాని లోపలి చిప్ మీద గీతలు ఎంత సన్నం అంటే, వాటిని గీయడానికి మామూలు వెలుగు పనికిరాదు. 13.5 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్న అతినీలలోహిత కాంతి వాడతారు. నానోమీటరు ఎంతో ఊహించాలంటే మీ గోరు చూసుకోండి. గోరు సెకనుకి సుమారు ఒక నానోమీటరు పెరుగుతుంది. నేను ఒక్క మాట పలికేలోపు పెరిగినంత అన్నమాట.

ఆ కాంతి గాజులోంచి పోదు. గాజు దాన్ని మింగేస్తుంది. అందుకని కటకాలు ఉండవు, అద్దాలే ఉంటాయి. మాలిబ్డినం, సిలికాన్ పొరలు ఒకదాని మీద ఒకటి పదుల కొద్దీ పేర్చి ఆ అద్దాలు చేస్తారు. ఒక్కో అద్దం నూటికి 70 వంతుల వెలుగునే తిప్పి పంపగలదు. అలాంటివి పది వరసగా ఉన్నాయనుకోండి. చివరికి చేరేది నూటికి సుమారు మూడు వంతులు. అసలే అంత తక్కువ. అలాంటి అద్దం మీద మసి పడితే?

పడుతుంది. ఎంత శుభ్రం చేసిన గదిలోనైనా కాస్త కర్బన ఆవిరి ఉంటుంది. ఆ తీక్షణమైన వెలుగు దాన్ని విరగ్గొట్టి అద్దం మీద కార్బన్ పొరగా పరుస్తుంది. లాంతరులోనూ అంతే కదా. వెలుగిచ్చే మంటే గ్లాసుకి మసి పట్టించేది. ఆ అద్దాన్ని గుడ్డతో తుడవలేం. గీత పడితే అద్దం పనికిరాదు.

అందుకని ఆ యంత్రంలో కొద్దిపాటి హైడ్రోజన్ వాయువు ఉంచుతారు. ఆ వెలుగే హైడ్రోజన్ జంటల్ని విడదీస్తుంది. ఒంటరి హైడ్రోజన్లు అద్దం మీది కార్బన్‌ని కొరుక్కుని వాయువుగా మార్చి తీసుకుపోతాయి. వెలుగే మసి పట్టిస్తుంది. ఆ వెలుగే మసి తుడిచే పనివాడిని పుట్టిస్తుంది. నెదర్లాండ్స్‌లోని వెల్డ్‌హోవెన్‌లో ఏఎస్ఎంఎల్ కంపెనీ చేసే యంత్రాల్లో హైడ్రోజన్ ఇలాంటి పనికి కూడా ఉంటుంది. సంలీన యంత్రంలో గోడని తిన్నదీ, ఇక్కడ అద్దాన్ని కడుగుతున్నదీ ఒకటే హైడ్రోజన్. ఆకలి మారలేదు. దాని ముందు మనం పెట్టిన వస్తువు మారింది.

ఇక రెండో మేలు. దీనికోసం కళ్ళంలోకి వెళ్దాం.

ధాన్యం తూర్పార పట్టడం చూశారు కదా. చేటలో గింజలు ఎత్తి, గాలి వాలు చూసి మెల్లగా జారవిడుస్తారు. తాలూ, పొట్టూ గాలికి పోతాయి. నిండు గింజ కాళ్ళ దగ్గర కుప్ప పడుతుంది. గాలి ఎవరికీ చుట్టం కాదు. గింజనీ తోస్తుంది, పొట్టునీ తోస్తుంది. బరువున్నది నిలుస్తుంది. బరువు లేనిది పోతుంది.

కార్బన్‌లో కూడా పొట్టు ఉంది, గింజ ఉంది. మసి, గ్రాఫైట్ లాంటివి పొట్టు అనుకోండి. గింజ ఏమిటి? వజ్రం. రెండూ కార్బనే. వజ్రంలో ప్రతి కార్బనూ తన నాలుగు చేతులతో నలుగురిని పట్టుకుని ఉంటుంది. ఒంటరి హైడ్రోజన్ వచ్చి దూరడానికి అక్కడ వదులైన పట్టు తేలిగ్గా దొరకదు. అందుకని గ్రాఫైట్‌ని తిన్నంత త్వరగా వజ్రాన్ని తినలేదు. వజ్రం కూడా కొద్దిగా అరుగుతుంది. అయినా ఆ రెండిటి మధ్య తేడా చాలా పెద్దది.

వాయువు నుంచి వజ్రం పెంచాలని అమెరికాలో విలియం ఎవర్సోల్ 1952 ప్రాంతాల్లోనే ప్రయత్నించాడు. వజ్రం పెరిగింది. కానీ దానితో పాటు నల్లటి గ్రాఫైట్ కూడా పేరుకునేది. మాటిమాటికీ పని ఆపి దాన్ని తొలగించాల్సి వచ్చేది. తూర్పార పట్టకుండా పొట్టుతోనే ధాన్యం నింపుకున్నట్టు. తరవాత మాస్కోలో రష్యన్ శాస్త్రవేత్తలు ఒంటరి హైడ్రోజన్‌ని రంగంలోకి దింపారు. 1982లో జపాన్‌లోని సుకుబాలో మత్సుమోతో, సాతో, కామో, సెతాకా అనే శాస్త్రవేత్తలు దారి స్పష్టంగా చూపించారు. ఏం చేశారో తెలుసా? కొద్దిగా మీథేన్, మిగతా అంతా హైడ్రోజన్. మధ్యలో సుమారు 2000 డిగ్రీలకి కాగిన తీగ. లాంగ్మ్యూర్ తీగ గుర్తుందా? సరిగ్గా 70 ఏళ్ళ తరవాత అదే ఉపాయం.

కాగిన తీగ హైడ్రోజన్‌ని ఒంటరి చేస్తుంది. మీథేన్ కార్బన్‌ని అందిస్తుంది. కార్బన్ వచ్చి వాలుతుంది. కొంత వజ్రంలా, కొంత గ్రాఫైట్‌లా. ఒంటరి హైడ్రోజన్ వెంటవెంటనే గ్రాఫైట్‌ని కొరికి తీసుకుపోతుంది. వజ్రం మిగులుతుంది. పొర మీద పొరగా పెరుగుతుంది. మీథేన్ నూటికి ఒకటో రెండో వంతులు, మహా అయితే అయిదారు. మిగిలిందంతా హైడ్రోజన్. కళ్ళంలో కూడా చేటెడు ధాన్యానికి ఎంత గాలి కావాలో చూడండి. గాలి లేని రోజున రైతు తూర్పార పట్టడు. ఒంటరి హైడ్రోజన్ లేకపోతే ఈ యంత్రంలో మిగిలేది మసి.

ఇవాళ సూరత్‌లో పెంచి సానపట్టే ప్రయోగశాల వజ్రాల్లో చాలా భాగం ఈ దారిలో పుట్టినవే. తీగ బదులు మైక్రోవేవ్‌లతో వెలిగించిన ప్లాస్మా వాడతారు. లోపల జరిగేది మాత్రం అదే తూర్పార.

ఇక్కడ మన తెలుగు నేలకి ఒక ముడి ఉంది. కృష్ణ ఒడ్డున కొల్లూరు గనులు, గోల్కొండ పేరుతో లోకమంతా ఎరిగిన వజ్రాలు మనవే. తొలకరి పడితే చాలు, ఇప్పటికీ వజ్రకరూరు, జొన్నగిరి చేలల్లో జనం తల వంచుకుని వజ్రాల కోసం వెతుకుతుంటారు. పేరున్న గోల్కొండ వజ్రాల్లో చాలావాటిని రత్నశాస్త్రం రెండు-ఏ రకం అంటుంది. అంటే వాటిలో నైట్రోజన్ మాలిన్యం దాదాపు ఉండదు. నీళ్ళలా స్వచ్ఛంగా ఉంటాయి. హైడ్రోజన్ తూర్పార పట్టి పెంచిన వజ్రాలు కూడా ఎక్కువగా రెండు-ఏ రకమే. భూమి లోపల చాలా లోతున, కోట్ల ఏళ్ళ ఒత్తిడిలో పుట్టిన స్వచ్ఛత ఒకటి. గదిలో, వాతావరణం కన్నా తక్కువ ఒత్తిడిలో, కొన్ని వారాల్లో పుట్టిన స్వచ్ఛత ఇంకొకటి. రెండోదాన్ని సాధ్యం చేసింది ఒక్క చెయ్యి మాత్రమే ఉన్న చిన్న పరమాణువు. ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

శ్రోతలారా, ముఖ్యంగా విద్యార్థులారా, ఇదంతా విని మీరు ఒక్క పని చెయ్యాలని నా కోరిక. పలుచని పూతలు మన చుట్టూ చాలా ఉన్నాయి. గడ్డం గీసుకునే బ్లేడు అంచున, హార్డ్ డిస్కు మీద, ఇంజన్ భాగాల మీద వజ్రంలాంటి గట్టి కార్బన్ పూతలు వేస్తున్నారు. రేపు మీలో ఎవరో ఒకరు అలాంటి పూత వేసే చోటో, చిప్పులు చేసే చోటో పనిచేస్తారు. ఏదో ఒక రోజు పూత అరుగుతుంది. అప్పుడు దాన్ని తిట్టుకుంటూ పూత మందం పెంచెయ్యకండి. ముందు ఆగి అడగండి. ఇక్కడ జంట వీడి ఒంటరిగా తిరుగుతున్నది ఎవరు? పొర ఎంత వేడిలో ఉంది? పలుగులా గుద్దుతున్నది ఇంకెవరైనా ఉన్నారా? ఎగిరిపోయింది ఎక్కడ వాలుతోంది? ఈ ప్రశ్నలకి జవాబు దొరికితే, ఆ అరుగుదలని ఆపవచ్చో, పనిలో పెట్టుకోవచ్చో తెలిసిపోతుంది. కార్బన్ గోడని నమ్మిన వాళ్ళు గోడ మార్చుకుని రికార్డు సాధించారు. మసితో విసిగిన వాళ్ళు అదే హైడ్రోజన్‌తో వజ్రం పెంచారు.

చివరగా ఇంకొక్కసారి చెప్తాను. హైడ్రోజన్ జంటగా ఉంటే నెమ్మది, ఒంటరిగా ఉంటే ఆకలి. దానికి మంచీ చెడూ తెలియవు. పట్టు వదులుగా ఉన్న కార్బన్‌ని తీసుకుపోతుంది, పట్టు గట్టిగా ఉన్నదాన్ని మిగులుస్తుంది. దాని ముందు ఏం పెట్టాలో నిర్ణయించుకోవలసింది మనం.